ఒక్క రాత్రి హోటల్ బస: ఫొటోల్లో కనపడని సంగతులు

సంపాదకులకు నమస్కారం.

నగరంలోని పెద్ద హోటల్లో దంపతులు ఒక రాత్రి గడిపి రావడం గురించి మీ వారాంతపు పేజీల్లో తరచు వ్యాసాలు వస్తున్నాయి. మంచం మీద గులాబీ రేకులు, కిటికీ పక్కన స్నానపు తొట్టె, బల్ల మీద కేకు. ఫొటోలు అందంగా ఉంటాయి. అవి చూసి ఆశపడి, డబ్బు కూడబెట్టుకుని, పెళ్లిరోజుకో పుట్టినరోజుకో వచ్చే జంటలను రిసెప్షన్ బల్లకు ఇటువైపు నుంచి చూసేవాళ్లం మేము. ఫ్రంట్ ఆఫీసు, హౌస్‌కీపింగ్, రూమ్ సర్వీస్ విభాగాల్లో పనిచేసేవాళ్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. గది బాగానే ఉంటుంది, సిబ్బంది మర్యాదగానే ఉంటారు, అయినా చాలామంది ఏదో వెలితితో వెళ్తారు. ఆ వెలితి ఎక్కడ మొదలవుతుందో మాకు తెలుసు. దాదాపు అన్నీ ముందే తప్పించుకోగలిగినవే. మీ వ్యాసాల్లో అవి రావడం లేదు కాబట్టి చెబుతున్నాం.

అన్నిటికన్నా పెద్దది సమయం. మధ్యాహ్నం 3 గంటలకు చెక్‌ఇన్, మర్నాడు 12కు చెక్‌అవుట్ అనుకుంటే చేతిలో ఉండేవి 21 గంటలు. ఎనిమిది గంటల నిద్ర తీసేస్తే 13. రాత్రి భోజనానికి రెండు గంటలు, పొద్దున ఫలహారానికి గంటన్నర, తయారై పెట్టె సర్దుకోవడానికి ఒక గంట పోతే ఇద్దరూ తీరిగ్గా గడపడానికి మిగిలేవి ఎనిమిదిన్నర. ఆఫీసు అయ్యాక బయల్దేరి రాత్రి 8కి వచ్చే జంటకు అందులోంచి ఐదు గంటలు పోతాయి. మూడున్నర గంటల కోసం అంత డబ్బు పెట్టినట్టు అవుతుంది. పెద్ద గదికి అదనంగా కట్టే డబ్బు మిగుల్చుకుని, ఇద్దరూ ఒక పూట సెలవు పెట్టి 3 గంటలకల్లా వస్తే ఆ రాత్రికి దక్కే సుఖం చాలా ఎక్కువ. మేము ఇచ్చే సలహాల్లో ఇదే మొదటిది.

మూడింటి దాకా గది ఎందుకు ఇవ్వరని కొందరు విసుక్కుంటారు. ఖాళీ అయిన గదిని మళ్లీ సిద్ధం చేయడానికి ఒక మనిషికి ముప్పావుగంట నుంచి గంట పడుతుంది. పక్క మొత్తం మార్చాలి, స్నానాలగది కడిగి ఆరబెట్టాలి, గ్లాసులు, తువ్వాళ్లు, మినీబార్ (గదిలో డబ్బుకు ఇచ్చే పానీయాలు ఉంచే చిన్న ఫ్రిజ్) సరిచూడాలి. తర్వాత సూపర్‌వైజర్ వచ్చి చూసి, కంప్యూటర్లో గది తయారైందని మార్చితేనే రిసెప్షన్ వాళ్లు తాళం ఇవ్వగలరు. పన్నెండింటికి అన్ని గదులూ ఒక్కసారిగా ఖాళీ అయితే, ఒక్కొక్కరి వంతుకు నాలుగు గదులు పడితే, నాలుగోది మూడింటికి గానీ తయారవదు. తొందరగా గది కావాలంటే లాబీలో నిలబడి బతిమాలడం కన్నా ఆ రోజు పొద్దున 9, 10 గంటల మధ్య ఫోన్ చేయడం మేలు. వచ్చేవాళ్లకు గదులు కేటాయించే పని చాలాచోట్ల ముందురోజు సాయంత్రం మొదలై ఆ వేళకు ఖరారవుతుంది. కేంద్ర రిజర్వేషన్ నంబరుకు చేస్తే లాభం లేదు. నేరుగా ఆ హోటల్‌కే చేసి, "ఒంటిగంటకు వస్తున్నాం, రాత్రి ఎవరూ దిగని గది ఉంటే మాకు పెట్టండి" అని అడగండి. అలాంటి గది అప్పటికే శుభ్రంగా ఉంటుంది, ఎవరి కోసమూ ఆగక్కర్లేదు.

ఏ రోజు వెళ్తున్నారన్నది కూడా గంటల లెక్కలోకే వస్తుంది. వ్యాపార పనుల మీద వచ్చేవాళ్లతో నిండే నగర హోటళ్లలో ఆదివారం రాత్రి గదులు ఎక్కువగా ఖాళీ ఉంటాయి, సోమవారం నుంచి గురువారం దాకా నిండుతాయి. అందువల్ల శనివారం రాత్రి దిగినవాళ్లు ఆదివారం మధ్యాహ్నం 2 దాకా ఉంటామంటే ఒప్పుకోవడం సులువు, ఆ గది కోసం కాచుకున్నవాళ్లు తక్కువ కదా. ఆదివారం రాత్రి దిగితే అద్దె తగ్గుతుంది, ఈత కొలను, స్పా ప్రశాంతంగా ఉంటాయి, కానీ సోమవారం ఆలస్యంగా వెళ్తామంటే కుదరదు. పర్యాటకులు ఎక్కువగా వచ్చే ఊళ్లలో ఈ లెక్క తిరగబడుతుంది. బుక్ చేసే ముందు "మీ హోటల్లో ఏ రోజు రద్దీ తక్కువ?" అని అడిగితే ఎవరూ దాచరు.

గది రకాల పేర్లను నమ్ముకోవద్దు. డీలక్స్, ప్రీమియర్, క్లబ్, జూనియర్ సూట్ అనే పేర్లకు అన్నిచోట్లా ఒకే కొలత లేదు. ఒక హోటల్ డీలక్స్ మరో హోటల్లో అన్నిటికన్నా చిన్న గది కావచ్చు. మూడు ప్రశ్నలు అడగండి: గది ఎన్ని చదరపు మీటర్లు, తొట్టె ఉందా లేక షవర్ మాత్రమేనా, మంచం ఒకటేనా లేక రెండు మంచాలు కలిపి వేసిందా. ఈ మూడోది చాలామందికి తట్టదు. కింగ్ మంచం పరుపు సాధారణంగా 76 అంగుళాల వెడల్పు, 80 అంగుళాల పొడవు ఉంటుంది. ఆ గదులు నిండిపోతే రెండు సింగిల్ మంచాలు దగ్గరికి జరిపి పైన ఒకే దుప్పటి పరుస్తారు. చూడ్డానికి తేడా తెలియదు, అర్ధరాత్రి మధ్యలో సందు తెలుస్తుంది. వెబ్‌సైట్లో మంచం రకం ఎంచుకున్నా చాలాసార్లు అది కోరిక కిందే నమోదవుతుంది, హామీగా కాదు. ఫోన్ చేసినప్పుడు దీన్ని ఖాయం చేసుకోండి.

సూట్ గురించి మా అభిప్రాయం సూటిగా చెబుతాం. దాని అదనపు అద్దెలో ఎక్కువ భాగం పక్కనున్న కూర్చునే గదికి పోతుంది. నలుగురు చుట్టాలు వచ్చిపోయేవాళ్లకు అది కావాలి. ఒక్క రాత్రికి వచ్చిన ఇద్దరూ అక్కడ గంటసేపు కూడా కూర్చోరు. అంతకన్నా తొట్టె ఉన్న మామూలు గది, పై అంతస్తు, మూల గది అయితే ఇంకా మంచిది. క్లబ్ గది అంటే ప్రత్యేక లాంజ్‌లో కూర్చుని తినే, తాగే వీలుతో ఇచ్చేది. అది తీసుకునేవాళ్లు లాంజ్ వేళలు చూసుకోవాలి. సాయంత్రం తినుబండారాలు, పానీయాలు సాధారణంగా రెండు గంటలే పెడతారు. ఎనిమిదికి వచ్చేవాళ్లు కట్టిన ఆ డబ్బు వృథా.

సద్దు చేసే గదులు ఏ హోటల్లోనైనా ఉంటాయి, ఎంత గొప్పదైనా సరే. లిఫ్టు పక్కవి, హౌస్‌కీపింగ్ సామాన్ల గది పక్కవి, పై అంతస్తు బార్‌కు సరిగ్గా కిందవి, ఫంక్షన్ హాలు మీదవి. బార్‌లో మోగే పాట గాలిలో కన్నా కాంక్రీటులోంచి ఎక్కువ దిగుతుంది. గుబగుబమనే ఆ మోత చెవుల్లో దూది పెట్టుకున్నా పోదు. మధ్యలో తలుపు ఉండి పక్క గదిలోకి తెరుచుకునే గదులైతే మరీ ఇబ్బంది. గోడ ఆపే మాటలను తలుపు ఆపలేదు. పిల్లలతో వచ్చే కుటుంబాల కోసం కట్టిన గదులవి, ఏకాంతం కోరి వచ్చిన జంటకు పనికిరావు. బుక్ చేసిన వెంటనే ఒకసారి, రావడానికి మూడు రోజుల ముందు ఒకసారి ఈమెయిల్ రాయండి: లిఫ్టుకు దూరంగా, మధ్య తలుపు లేనిది, బార్‌కు కింద కాకుండా. మూడు ముక్కలు చాలు. పేజీ నిండా కోరికలు రాస్తే కేటాయించే మనిషి కళ్లు మొదటి రెండింటి దగ్గరే ఆగిపోతాయి. మధ్యవర్తి సైట్లలో బుక్ చేసినప్పుడు అక్కడ టైపు చేసిన కోరికలు మాకు అన్నిసార్లూ చేరవు. తేదీ మార్చాలన్నా ఆ సైటు ద్వారానే మార్చుకోమంటారు. ధర ఒకటే అయితే హోటల్‌తో నేరుగా బుక్ చేయడమే మంచిది.

ఎక్కడెక్కడ ఒక్క రాత్రి అతిథులు నష్టపోతారో కూడా చెప్పాలి. రాలేనివాళ్లు కొందరు ఉంటారని హోటళ్లు గదులకన్నా కొద్దిగా ఎక్కువ బుకింగులు తీసుకుంటాయి. అందరూ వచ్చేస్తే ఎవరినో ఒకరిని మరో హోటల్‌కు పంపాల్సి వస్తుంది. అలా పంపడానికి చూసేది ముందుగా ఒక్క రాత్రికి వచ్చేవాళ్లను, ఆలస్యంగా వచ్చేవాళ్లను, చౌక రేటుకు మధ్యవర్తుల ద్వారా బుక్ చేసినవాళ్లను. కార్డుతో ఖాయం చేయని బుకింగును సాయంత్రం 6 దాటాక వదిలేసే పద్ధతి కూడా ఉంది. రాత్రి 10కి వస్తున్నారా, ఆ మాట ముందే చెప్పి రాయించండి. అర్ధరాత్రి దాటాక ఆ రోజు లెక్కలు మూసేటప్పుడు రాని బుకింగును 'నో షో' కింద కొట్టేస్తారు, డబ్బు మాత్రం తీసుకుంటారు. ఇదే ఒక్క రాత్రి లెక్క మరోవైపు మీకు మేలు కూడా చేస్తుంది. ఖాళీగా ఉన్న పెద్ద గదిని మూడు రోజులు ఇవ్వడం కష్టం, ఒక్క రాత్రి ఇవ్వడం తేలిక. రిసెప్షన్లో "ఈ రాత్రికి కొంత కడితే ఇంకాస్త మంచి గది దొరుకుతుందా?" అని మర్యాదగా అడగండి. వెబ్‌సైట్లో కనపడే తేడా కన్నా తక్కువకే దొరకడం మామూలు. లేని పెళ్లిరోజును ఉందని చెప్పక్కర్లేదు.

ఇప్పుడు డబ్బు విషయం. గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే. గది అద్దె ముందే కట్టినా చెక్‌ఇన్‌లో కార్డు అడుగుతారు. భోజనం, స్పా, మినీబార్ ఖర్చుల కోసం కొంత మొత్తాన్ని ఆ కార్డు మీద ఆపి ఉంచుతారు. దాన్ని హోల్డ్ అంటారు. అది ఖర్చు కాదు, కానీ ఆ డబ్బు వాడుకోవడానికి వీలుండదు. క్రెడిట్ కార్డు అయితే పరిమితిలో ఆ మేరకు తగ్గుతుంది, అంతే. డెబిట్ కార్డు అయితే ఖాతాలోని అసలు డబ్బే ఆగిపోతుంది. మేము చెక్‌అవుట్ రోజే వదిలేసినా, బ్యాంకు తిరిగి చూపించడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారం పైన పడుతుంది. ఆ వారంలోనే ఇంటి అద్దె కట్టాల్సిన జంట పడే ఇబ్బంది మాకు తెలుసు. హోల్డ్ క్రెడిట్ కార్డు మీదే పెట్టించండి. చివరి బిల్లు కూడా అదే కార్డుతో కట్టండి, అప్పుడు ఆపిన మొత్తమే బిల్లుకు సర్దుబాటు అవుతుంది. వేరే కార్డుతో కడితే మొదటిదాని మీద ఆపిన డబ్బు దాని గడువు తీరేదాకా అలాగే ఉండిపోవచ్చు. హోల్డ్ ఎంతో బుక్ చేసేటప్పుడే అడగండి. వెబ్‌సైట్లో పెద్దగా కనపడే అంకెలో పన్నులు, సర్వీస్ చార్జీ కలిశాయో లేదో, ఫలహారం ఇద్దరికా ఒక్కరికా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. బుకింగులో ఇద్దరి పేర్లూ రాయించండి. గుర్తింపు కార్డులు ఇద్దరివీ ఉండాలి. పేరు లేని భాగస్వామి ముందు వస్తే తాళం ఇవ్వం, ఇవ్వకూడదు కూడా.

గదిలోకి వెళ్లగానే పెట్టె విప్పకండి. ఐదు నిమిషాలు నిలబడి చూడండి. ఏసీ చల్లబరుస్తోందా, వేడినీళ్లు వస్తున్నాయా, తొట్టె అడుగు మూత నీళ్లను ఆపుతోందా, వాసన ఉందా, తలుపు వేశాక బయటి మాటలు వినపడుతున్నాయా. మంచం మీద కూర్చోకముందే, స్నానాలగది వాడకముందే ఫోన్ చేస్తే గది మార్చడం ఐదు నిమిషాల పని. వాడిన గదిని మళ్లీ మొత్తం శుభ్రం చేస్తే తప్ప ఇంకొకరికి ఇవ్వలేం, అందుకే గంట తర్వాత అడిగితే వెనకాడతారు. లాకర్‌ను ముందు తలుపు తెరిచి ఉంచి, అంకెలు నొక్కి, గడియ పడుతోందో తిరిగి తెరుచుకుంటోందో చూసుకుని అప్పుడు వస్తువులు పెట్టండి. మినీబార్ కింద సెన్సర్లు ఉండవచ్చు. సీసా ఎత్తి కొన్ని సెకన్లు పట్టుకుంటే చాలు, బిల్లులో పడే రకాలున్నాయి. మీ మందులు పెట్టుకోవడానికి దాన్ని ఖాళీ చేయకండి, వేరే చిన్న ఫ్రిజ్ అడగండి. బాల్కనీ ఉన్న చాలా గదుల్లో తలుపు తెరిస్తే ఏసీ ఆగిపోయేలా చౌకట్టులో స్విచ్ ఉంటుంది. ఏసీ పాడైందని వచ్చే ఫోన్లలో చాలావాటికి కారణం సరిగా మూయని ఆ తలుపే.

స్నానపు తొట్టె గురించి కాస్త ఎక్కువే రాయాలి, ఫొటోల్లో ఎక్కువగా ఉండేది అదే కాబట్టి. రెండొందల లీటర్ల తొట్టె నిండాలంటే నిమిషానికి 12 నుంచి 15 లీటర్లు వచ్చే కొళాయితో దాదాపు పావుగంట పడుతుంది. ఇద్దరూ దిగాలనుకుంటే నిండా పట్టకూడదు. 60 కిలోల మనిషి మెడదాకా మునిగితే 50 లీటర్లకు పైగా నీరు పైకి లేస్తుంది, ఇద్దరికి వంద దాటుతుంది. సగం దాకా పట్టి దిగండి. పైన ఉండే నీళ్లు పోయే రంధ్రం అంత వేగంగా లాగలేదు, నేల మీదికి పొర్లిన నీళ్లు పడగ్గది తివాచీని తడిపేస్తాయి, జారిపడే ప్రమాదమూ ఉంది. నీటి వేడి 38 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ చాలు, 15, 20 నిమిషాలు చాలు. మద్యం తాగి వేడి నీళ్లలో కూర్చోవడం ప్రమాదం. రక్తనాళాలు వ్యాకోచించి బీపీ పడిపోతుంది, లేచేటప్పుడు కళ్లు తిరుగుతాయి. గర్భిణులు, గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా వేడి నీటి తొట్టెలోకి, ఆవిరి గదిలోకి వెళ్లొద్దు. నీళ్లు చిమ్మే జెట్లున్న తొట్టెలో నురుగు సబ్బు పోయకండి. జెట్లు ఆ నురుగును పెంచుకుంటూ పోయి గది నిండా పొంగిస్తాయి, పైపుల్లో పేరుకుపోతుంది. స్నానం అయ్యాక స్నానాలగది తలుపు బార్లా తెరవకుండా లోపలి ఎగ్జాస్ట్ ఫ్యాన్ కాసేపు తిరగనివ్వండి. దట్టమైన ఆవిరి ఒక్కసారిగా బయటికొచ్చి నడవాలోని పొగ సెన్సర్‌ను మోగించడం జరుగుతుంది.

నిజమైన కొవ్వొత్తులు అందుకే చాలా హోటళ్లు గదుల్లో ఒప్పుకోవు. బ్యాటరీతో వెలిగేవి అడిగితే ఇస్తారు. గులాబీ రేకుల సంగతి: తాజా రేకులు నలిగితే తెల్ల దుప్పటి మీద ఎర్ర మరక దిగుతుంది, నిద్రపోయే ముందు మంచమంతా ఎవరో ఒకరు ఏరాలి. ఆ ఏరే పని అర్ధరాత్రి మీకే పడుతుంది. రేకులు కావాలంటే బల్ల మీదో తొట్టె అంచు మీదో పెట్టమనండి. తొట్టె నీళ్లలో వేస్తే నీళ్లు పోయే దారికి అడ్డం పడతాయి. ఇద్దరికి అరకిలో కేకు ఎప్పుడూ మిగిలిపోతుంది. ఒక ముక్క అందంగా పళ్లెంలో పెట్టి పేరు రాసి ఇమ్మంటే వంటవాళ్లు సంతోషంగా చేస్తారు.

మేము మరీ మరీ చూసే ఒక పొరపాటు ఉంది. వచ్చీ రాగానే 'డోంట్ డిస్టర్బ్' దీపం వేసేస్తారు. అది వెలుగుతున్నంతసేపూ మేము తలుపు తట్టం. దాంతో సాయంత్రం పక్క సర్ది, కర్టెన్లు దించి, నీళ్లు, చెప్పులు పెట్టి వెళ్లే టర్న్‌డౌన్ జరగదు. ముందే చెప్పి పెట్టించిన పూలు, కేకు వంటగదిలోనే ఉండిపోతాయి. భాగస్వామిని ఆశ్చర్యపరచాలని ఏర్పాటు చేసుకున్నవాళ్లకు ఇది నిజంగా బాధ కలిగిస్తుంది. పరిష్కారం చాలా తేలిక. భోజనానికి ఎన్నింటికి దిగుతారో ఫోన్లో చెప్పండి, "8కి వెళ్తాం, 10కి వస్తాం, ఈలోగా సర్దేయండి" అంటే చాలు. దీపం ఆపి వెళ్లండి. గదిలో ఉన్నప్పుడు మాత్రం లోపలి గడియ వేసుకోండి. అది వేస్తే మామూలు సిబ్బంది కార్డుతో తలుపు తెరుచుకోదు, అత్యవసర తాళంతోనే తెరవాలి. చెక్‌ఇన్‌లో మీ గది నంబరు ఎవరైనా బయటికి గట్టిగా చదివితే వేరే గది అడిగే హక్కు మీకుంది. నంబరు కాగితం మీద చూపించాలన్నది మాకు నేర్పే మొదటి పాఠం.

స్పాలో ఇద్దరికీ పక్కపక్కన మసాజ్ చేసే గదులు సాధారణంగా ఒకటో రెండో ఉంటాయి. శనివారం సాయంత్రం వేళలు ముందే అయిపోతాయి, గది బుక్ చేసిన రోజే వేళ కూడా తీసుకోండి. గంట మసాజ్ అంటే రెండు గంటల పని: అరగంట ముందు వచ్చి ఫారం నింపాలి, బట్టలు మార్చుకోవాలి, తర్వాత స్నానం, విశ్రాంతి. ఆలస్యంగా వస్తే ఆ నిమిషాలు మసాజ్‌లోంచే పోతాయి, వెనక ఇంకొకరు ఉంటారు కదా. భారీ భోజనానికీ దీనికీ మధ్య కనీసం గంటన్నర ఉండాలి. స్క్రబ్ (చర్మాన్ని గరుకు పొడితో రుద్దడం) చేయించుకునే రోజు షేవింగ్, వాక్సింగ్ వద్దు, మంట పుడుతుంది. ఒత్తిడి ఎక్కువైందనిపిస్తే పళ్ల బిగువున భరించకుండా చెప్పండి. చేసేవాళ్లు ఆడవాళ్లు కావాలా మగవాళ్లు కావాలా అన్నది ముందే చెప్పుకోవచ్చు.

భోజనానికి రాత్రి 8 వేళ బల్లలు ముందు నిండుతాయి. కిటికీ పక్క బల్ల అడిగినవాళ్లకే దొరుకుతుంది. గదికి తెప్పించుకునేటప్పుడు అరగంట నుంచి ముప్పావుగంట పడుతుందని లెక్క వేసుకోండి. మూత కింద ఆవిరి పట్టి కరకరలాడేవన్నీ మెత్తబడతాయి. గదికి తెప్పిస్తే గ్రేవీ ఉన్నవే బాగుంటాయి, వేయించినవి కింద రెస్టారెంట్లో తినండి. మెనూ చివర చిన్న అక్షరాల్లో ట్రే చార్జీ, అంటే గదికి తెచ్చినందుకు వేసే రుసుము, ఉండవచ్చు, చదవండి. వారాంతాల్లో ఫలహారానికి 8.30 నుంచి 9.30 మధ్య రద్దీ. ఆఖరి అరగంటలో అయిపోయినవి మళ్లీ నింపరు.

టిక్కెట్లు, బయటి రెస్టారెంట్లు, పూలు, కారు కావాలంటే కన్సియర్జ్ బల్ల దగ్గరికి వెళ్లండి. కోటు మీద రెండు బంగారు తాళంచెవులు అడ్డంగా పెట్టుకున్నవాళ్లు కనపడితే వాళ్లు 'లె క్లె డోర్' సభ్యులు. 1929లో పారిస్‌లో మొదలైన వృత్తి సంఘం అది, ఆ బ్యాడ్జి ఊరికే రాదు. మొహమాటపడకుండా అడగండి. పది నిమిషాల మాటలో మీకు గంట మిగులుతుంది.

నిద్ర బాగా పట్టాలంటే తెల్ల దుప్పట్ల దారాల లెక్క (చదరపు అంగుళంలో ఎన్ని దారాలన్నది) గురించి ఆలోచించక్కర్లేదు. మంచి హోటళ్లలో అది సాధారణంగా 250 నుంచి 400 మధ్య ఉంటుంది. వెయ్యి అని చెప్పే అంకెల్లో పురిపెట్టిన దారంలోని పోగులన్నీ విడివిడిగా లెక్కపెట్టి ఉంటారు. అసలు తేడా తెచ్చేవి వేరే. ఇద్దరిలో ఒకరికి ఉక్క, ఒకరికి చలి అయితే ఒకే పెద్ద రజాయి బదులు రెండు సింగిల్ రజాయిలు అడగండి. దిండ్లలో ఈకలవి, ఫోమ్‌వి, లేటెక్స్‌వి ఉంటాయి, ఎక్కువ ఉండవు కాబట్టి సాయంత్రమే అడగాలి. ఈకలు పడనివాళ్లు బుక్ చేసినప్పుడే చెబితే ముందే మార్చి ఉంచుతాం. కర్టెన్ల మధ్య సందులోంచి వెలుగు పడుతుంటే అల్మరాలోని క్లిప్పుల హ్యాంగర్‌తో రెండు అంచులూ కలిపి బిగించండి. ఏసీ 20, 22 దగ్గర పెట్టి పడుకునే గంట ముందే గదిని చల్లబరచండి. పదహారుకు తిప్పినంత మాత్రాన తొందరగా చల్లబడదు.

ఏదైనా నచ్చకపోతే ఆ క్షణమే చెప్పండి. రాత్రి 9కి చెబితే డ్యూటీ మేనేజర్ గది మార్చగలరు, పక్క గది వాళ్లను నెమ్మదించమనగలరు, చల్లారిన భోజనం మళ్లీ పంపగలరు. పొద్దున 11.30కి బిల్లు దగ్గర చెబితే క్షమాపణ, మహా అయితే కొంత తగ్గింపు తప్ప ఇవ్వడానికి ఏమీ మిగలదు. పోయిన నిద్ర తిరిగి ఇవ్వలేం. బిల్లు కూడా రాత్రే ఒకసారి తెప్పించి చూసుకోండి. గదితో కలిపి ఉన్న ఫలహారాన్ని విడిగా వేయడం, తాగని మినీబార్ సీసా పడటం, సంతకం చేసిన రెస్టారెంటు బిల్లు రెండుసార్లు ఎక్కడం, ఈ మూడే మామూలుగా వచ్చే తప్పులు. పదకొండు, పన్నెండు మధ్య కౌంటర్ దగ్గర వరసలో నిలబడి సరిచేయించుకోవాల్సిన అవసరం రాదు. చెక్‌అవుట్ అయ్యాక పెట్టెలు కింద భద్రపరిచి ఈత కొలను, జిమ్ వాడుకోనిచ్చే హోటళ్లు చాలా ఉన్నాయి, అడిగితే ఇంకో రెండు గంటలు కలిసొస్తాయి. బయల్దేరే ముందు లాకర్, తలుపు వెనక కొక్కెం, మంచం పక్క ప్లగ్ చూసుకోండి. మాకు దొరికే మర్చిపోయిన వస్తువుల్లో ఎక్కువ భాగం ఈ మూడు చోట్లవే.

సంపాదకులను కోరేది ఒకటే. ఇకమీదట ఇలాంటి హోటల్ గురించి వ్యాసం వేసేటప్పుడు ఫొటోల పక్కన ఒక చిన్న పట్టిక ఇవ్వండి: చెక్‌ఇన్, చెక్‌అవుట్ వేళలు, పన్నులతో కలిపిన మొత్తం, హోల్డ్ ఎంత, రద్దు చేసుకునే గడువు, గది చదరపు మీటర్లు, తొట్టె ఉందో లేదో. రాసేవాళ్లు హోటల్ ఆతిథ్యం మీద ఉచితంగా ఉండి వచ్చారా, డబ్బు కట్టి ఉన్నారా అన్నది కూడా ఒక వాక్యంలో చెప్పండి. ఉత్తరం పొడుగైందని తెలుసు. స్థలం చాలక కత్తిరించాల్సి వస్తే ఏది తీసేసినా ఫర్వాలేదు, కార్డు హోల్డ్ గురించి రాసిన పేరా, వేడి నీళ్ల విషయంలో గర్భిణులకూ గుండె జబ్బు ఉన్నవాళ్లకూ చెప్పిన జాగ్రత్త మాత్రం దయచేసి ఉంచండి.

ఇట్లు,
హోటల్ ఫ్రంట్ ఆఫీసు, హౌస్‌కీపింగ్, రూమ్ సర్వీస్ సిబ్బంది కొందరు